పూర్తి అదనపు బాధ్యతలతో బేస్‌బాల్

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టిందెవరన్న విషయం మీద ఆ రోజు మా ఇంట్లో పొద్దున్నే విచారణ మొదలైంది. విచారణాధికారి మా వారు, మార్కండేయులు గారు. కంచరపేట పురపాలక సంఘంలో జనన మరణాల విభాగం సీనియర్ అసిస్టెంటు.

"జాడీ మూత ఎవరు తీశారు?"

"నేనే," అన్నాను.

"గరిటె ఎవరు పెట్టారు?"

"మీ అమ్మగారు."

"గరిటె పొడిదేరా. దాన్ని తుడిచిన గుడ్డ తడిది," అన్నారు మా అత్తగారు తులశమ్మ గారు, మంచం దిగకుండానే.

"ఆ గుడ్డ ఎవరి ఆధీనంలో ఉంది?"

మా అమ్మాయి హిమజ పళ్లు తోముకుంటూ వచ్చి, "నాన్నా, ఆవకాయ పాడైందో లేదో ముందు తిని చూడొచ్చుగా," అంది.

"విచారణ నడుస్తుండగా సాక్ష్యాన్ని తినకూడదు," అన్నారాయన.

అప్పుడే ఫోను మోగింది. చేసింది కమిషనరు దక్షిణామూర్తి గారు. ఆయన ఫోనంటే మా వారు లేచి నిలబడి మాట్లాడతారు. లుంగీలో ఉంటే లుంగీ కిందికి దింపుకుంటారు.

"చిత్తం సార్. తప్పకుండా సార్. బేస్‌బాలా సార్? చిత్తం సార్."

ఫోను పెట్టేసి చాలాసేపు జాడీ వంకే చూశారు. ఆ విచారణ ఇప్పటికీ పెండింగులోనే ఉంది.

నేను కాలేజీలో చరిత్ర చదివాను. ఆ చదువు పెళ్లయ్యాక ఎక్కడా అక్కరకు రాలేదు. అందుకే మా ఊరి మొట్టమొదటి వృత్తిపరమైన బేస్‌బాల్ జట్టు ఎలా పుట్టి, ఎలా వర్ధిల్లి, ఎలా అంతరించిందో నేనైనా రాసిపెడదామనుకున్నాను. ఆ జట్టు చొక్కాలు ఉతికినదాన్ని కాబట్టి ఆ మాత్రం అధికారం నాకుంది.

రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చిందట. ప్రతి పురపాలక సంఘమూ ఒక వృత్తిపరమైన క్రీడా జట్టును పెంచి పోషించాలి, జిల్లాలో రెండేసి ఊళ్లకు ఒక్కో ఆట కేటాయిస్తారు, ముందు జవాబు రాసినవారు ముందు ఎంచుకోవచ్చు. మా ఊరి జవాబు అన్ని విభాగాల అభిప్రాయాలూ తీసుకుని బయల్దేరేసరికి కబడ్డీ పోయింది, వాలీబాల్ పోయింది, ఖోఖో, క్యారమ్స్ కూడా పోయాయి. బేస్‌బాల్ మిగిలింది. మాకంటే ఆలస్యంగా రాసిన ఊరు ముత్యాలగూడెం ఒక్కటే. వాళ్లకూ అదే వచ్చింది.

ఆ సాయంత్రం హిమజ తన ఫోనులో చూసి మాకు ఆట చెప్పింది. "ఒకడు బంతి విసురుతాడు. ఎదుటి జట్టువాడు కర్రతో కొడతాడు. కొట్టి, నాలుగు మూలలూ తిరిగి, బయల్దేరిన చోటికే వస్తాడు. వస్తే ఒక పరుగు."

"మధ్యలో ఏం తెస్తాడు?" అడిగారు అత్తగారు.

"ఏమీ తేడు నానమ్మా. ఊరికే తిరిగొస్తాడు."

"మా ఆఫీసులో ఫైలూ అంతే," అన్నారు మా వారు. ఆయనకు ఆట అర్థమైపోయింది.

జట్టును కమిషనరు గారు ఒక సమావేశంలో ప్రకటించారు. ఆ ప్రసంగం మా వారు ఇంటికొచ్చి మాకు అప్పజెప్పారు. "వృత్తిపరమైన ఆటగాడంటే ఎవరు? జీతం పుచ్చుకుంటూ ఆడేవాడు. మన సిబ్బంది అందరూ జీతం పుచ్చుకుంటున్నారు. కనుక మన సిబ్బంది యావన్మందీ అర్హులే. ఆ మేరకు తొమ్మిది స్థానాలనూ తొమ్మిది పోస్టులుగా పరిగణించి సీనియారిటీ ప్రకారం భర్తీ చేయడమైనది."

మా వారికి మైదానం చిట్టచివరి మూలన నిలబడే పోస్టు వచ్చింది. అక్కడికి బంతి రాదని హిమజ ధైర్యం చెప్పింది.

"యాభై దాటాక ఈ ఆటలేంటండీ? వద్దనండి," అన్నాను.

ఆయన చొక్కా మడతలు సర్దుకుంటూ, "మేనేజరు ఫైలు కమిషనరు గారి టేబుల్ మీదే ఉందే," అన్నారు.

ఇక్కడ ఆ ఫైలు సంగతి చెప్పాలి. పాత మేనేజరు గారు రిటైరయ్యారు. ఆ పోస్టు పదోన్నతి జాబితాలో తరువాత ఉన్నది మా వారు. సర్వీసంతా మేనేజరు గారి అద్దాల గది ఎదురుగా కూర్చున్న మనిషి. ఆ గదిలో చేతులున్న కుర్చీ ఉంటుంది, నొక్కితే మోగే గంట ఉంటుంది. మా మామగారూ అదే ఆఫీసులో పనిచేసి, అదే పదోన్నతి కోసం ఎదురుచూసి, సీనియర్ అసిస్టెంటుగానే రిటైరయ్యారు. పోయేముందు కూడా "ఆ కాగితం వచ్చిందా?" అని అడిగారట. తాను మేనేజరుగా రిటైరవ్వాలి. మా వారికి ఉన్న కోరిక అదొక్కటే. ఇంకొక కోరిక కోరడం నేను వినలేదు.

మొదటి సాధన మార్కెట్ యార్డు మైదానంలో జరిగింది. మేమూ చూడ్డానికి వెళ్లాం. హోదాలో అందరికంటే పెద్ద కాబట్టి సూపరింటెండెంటు నరహరి గారు ముందుగా కర్ర పట్టుకున్నారు. అందరికంటే జూనియరు కాబట్టి బిల్ కలెక్టరు జోజిబాబు బంతి విసిరే పోస్టులో ఉన్నాడు. సూపరింటెండెంటు గారి మీదికి బంతి విసరడమెలాగో తెలియక, అతను దగ్గరికొచ్చి రెండు చేతులతో అందించబోయాడు.

"విసరవయ్యా!" అన్నారు అంపైరు. ఆయన పురపాలక పాఠశాల డ్రిల్లు మాస్టారు.

"క్షమించండి సార్," అని నరహరి గారికి చెప్పి జోజిబాబు విసిరాడు. నరహరి గారు మూడుసార్లు కర్ర తిప్పారు, మూడుసార్లూ తగల్లేదు.

"ఔట్," అన్నారు డ్రిల్లు మాస్టారు.

"సంజాయిషీ అడక్కుండా ఔట్ ఎలా ఇస్తారండీ?"

"మూడుసార్లు తప్పింది సార్."

"మూడుసార్లు తప్పితే మూడు మెమోలు ఇవ్వాలి. నాకు ఒక్క మెమో అయినా అందిందా? పైగా నన్ను ఔట్ చేసింది జూనియరు. నా వార్షిక నివేదిక రాసే అధికారం అతనికి ఉందా?"

నరహరి గారి ఔట్ ఆ విధంగా అపరిష్కృతంగా ఉండిపోయింది. తరువాతివాళ్ల వంతు రాలేదు. ఐదవగానే అందరూ ఇళ్లకు వెళ్లారు.

జట్టు క్షీణ దశ మరుసటి వారమే మొదలైంది. జోజిబాబును ఓటర్ల జాబితా సర్వేకి వేశారు. బంతి విసిరే పోస్టు ఖాళీ అయింది. మా వారికి ఉత్తర్వు వచ్చింది: ఆ పోస్టుకు పూర్తి అదనపు బాధ్యతలు.

ఆఫీసుల సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను. ఒక పోస్టు ఖాళీ అయితే అందులో మనిషిని వెయ్యరు. పక్క కుర్చీలో ఉన్నవాడికి ఆ పని కూడా అప్పగిస్తారు. దాన్నే పూర్తి అదనపు బాధ్యతలంటారు. జీతం పాతదే, నడుమూ పాతదే.

తరువాత శానిటరీ ఇన్‌స్పెక్టరు పుష్కరాల డ్యూటీకి వెళ్లారు. ఆయన మొదటి మూల కాపలా ఉండేవారు. అదీ మా వారికే. ప్లానింగు ఆయన సస్పెండయ్యాడు. రెండో మూల కూడా మా వారికే. నరహరి గారు తన ఔట్ మీద అప్పీలు తేలేదాకా వైద్య సెలవు పెట్టారు. ఒక్కొక్కరే తగ్గుతుంటే కొత్త ఉత్తర్వు మా ఇంటికే వచ్చేది. ప్రతిసారీ కమిషనరు గారు ఫోను చేసి, "మీ పదోన్నతి ఫైలు నా టేబుల్ మీదే ఉంది మార్కండేయులు గారూ. మీ సహకార స్ఫూర్తిని అందులో ప్రత్యేకంగా ప్రస్తావించదలచాను," అనేవారు.

"చిత్తం సార్," అనేవారు ఈయన.

బంతి పట్టే ఆయన బదిలీ అయినప్పుడు చిక్కు వచ్చింది. బంతి విసిరేదీ మా వారే, కొట్టేవాడి వెనక నిలబడి దాన్ని పట్టాల్సిందీ మా వారే. ఇది ఒకే మనిషికి సాధ్యం కాదని మర్యాదగా వివరిస్తూ, తగు ఉత్తర్వులు కోరుతూ ఆయన కమిషనరు గారికి నోటు పెట్టారు. మూడో రోజుకు జవాబు వచ్చింది. భోజనాల దగ్గర గట్టిగా చదివి వినిపించారు.

"'ఒకే సమయంలో సాధ్యం కాని పనులను సమయపాలన ద్వారా సాధించవలెను. బంతి విసరడం ఉదయం పూట, పట్టుకోవడం మధ్యాహ్నం పూట నిర్వహించగలరు.'"

హిమజకు పొలమారింది.

"నవ్వకు," అన్నారాయన. "అందులో తర్కం ఉంది."

ఆ తర్కం ప్రకారమే చేశారు కూడా. ఉదయం ఆఫీసుకు ముందు వెళ్లి మైదానంలో ఉన్న బంతులన్నీ విసిరేవారు. మధ్యాహ్నం ఎండలో వెళ్లి అవెక్కడ పడ్డాయో వెతికి పట్టుకునేవారు. సాయంత్రం ఇంటికొచ్చి జనన ధ్రువపత్రాలు రాసుకునేవారు. ఆ నెలలో మా ఊళ్లో పుట్టినవాళ్లు తాము పుట్టినట్టు కాగితం కోసం చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది.

కుడి మోకాలు వాచింది. అత్తగారు నువ్వులనూనె వేడి చేసి కొడుకు మోకాలికి మర్దన చేస్తూ తిట్టేవారు.

"నీ పెళ్లిలో తలంబ్రాలు కూడా సరిగ్గా విసరలేదు కదరా! నీకు బంతి విసిరే ఉద్యోగం ఎవరిచ్చారు?"

"అమ్మా, కొంచెం నెమ్మదిగా."

"ఒక్కసారి కాదని చూడండి, ఏమవుతుందో," అన్నాను నేను.

"ఏమవుతుందా? ఫైల్లో 'అయిష్టత వ్యక్తం చేసినారు' అని రాస్తారు. ఒక్కసారి ఆ ముక్క పడిందంటే నాన్నగారు కూర్చున్న కుర్చీలోనుంచే నేనూ దిగిపోతాను."

ఆ మాటకు అత్తగారి చెయ్యి ఆగింది. తరువాత మళ్లీ నెమ్మదిగా నూనె రాశారు.

వర్షాలు మొదలయ్యేనాటికి తొమ్మిది పోస్టులూ మా వారివే అయ్యాయి. జట్టు ఫొటో తీయించాలని కమిషనరు గారు ఆదేశిస్తే, ఫొటోగ్రాఫరు ఎనిమిది చొక్కాలు కుర్చీలకు తొడిగి, మధ్యలో ఈయన్ని కూర్చోబెట్టి తీశాడు. చాలా నిండుగా వచ్చింది.

ఇక మిగిలింది ముత్యాలగూడెంతో పోటీ. ఆ పోటీ జరిగితే పథకం కింద మా ఊరికి షీల్డు, మా కమిషనరు గారికి రాజధానిలో సన్మానం. "పోటీ అయిన మరుక్షణం మీ విషయంలో నిర్ణయం ప్రకటిస్తాను," అని ఆయన మా వారికి మాటిచ్చారు. ఆ రోజు కోసం మా వారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. వేదికెక్కాల్సి వస్తుందేమోనని దాన్ని జట్టు చొక్కా లోపల తొడుక్కున్నారు.

మైదానంలో షామియానా వేశారు. రెండు ఊళ్ల కమిషనర్లూ, జిల్లా క్రీడా వికాస అధికారీ పూలదండల వెనక కూర్చున్నారు. ముత్యాలగూడెం జట్టు బస్సులో వచ్చింది. జట్టంటే ఒక్కరే. ఇంటిపన్నుల విభాగం రత్నకుమారి గారు. చేతిలో టిఫిను సంచి, కాళ్లకు కాన్వాసు బూట్లు.

"మీవి ఎన్నండీ?" అని అడిగారావిడ మా వారిని.

"తొమ్మిది. మీవి?"

"ఎనిమిది. తొమ్మిదోదాని ఉత్తర్వు దారిలో ఉందట."

కర్ర పట్టే వంతు ముందు మాకు వచ్చింది. రత్నకుమారి గారు బంతి విసిరారు. అది సగం దూరంలో పడి ఆగింది. ఆవిడే వెళ్లి తెచ్చుకున్నారు. రెండోది పక్కకు పోయింది. దాన్నీ ఆవిడే తెచ్చుకున్నారు. షామియానాలో రెండో విడత కూల్‌డ్రింకులు ఇచ్చారు.

"మేడమ్, కొంచెం దగ్గరికి రండి," అన్నారు మా వారు.

"రావచ్చా?"

"రాకూడదని నాకైతే ఉత్తర్వు లేదండి."

ఆవిడ నాలుగడుగులు ముందుకొచ్చి విసిరారు. మా వారు కళ్లు మూసుకుని కర్ర తిప్పారు. టప్పుమని మోగింది. బంతి లేచింది, షామియానా మీదుగా పోయింది, ప్రహరీ గోడ అవతల పడింది. జనం కేకలు వేశారు. ఆయన మాత్రం కర్ర పట్టుకుని గోడ వంకే చూస్తూ నిలబడ్డారు. తన చేతిలోంచి వెళ్లింది ఏదైనా అంత దూరం పోవడం, తిరిగి రాకపోవడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

"పరుగెత్తు నాన్నా!" అని అరిచింది హిమజ.

ఆయన పరుగెత్తారు. రెండో మూల దాకా పరుగు, అక్కణ్నుంచి నడక, మూడో మూలకు వచ్చేసరికి కుంటుడు. రత్నకుమారి గారు బంతి కోసం గేటు దాకా వెళ్లారు. తాళం వేసి ఉంది. తాళం చెవి వాచ్‌మన్ దగ్గరుంది. వాచ్‌మన్ పుష్కరాల డ్యూటీలో ఉన్నాడు. ఆవిడ నింపాదిగా తిరిగొచ్చి మూడో మూల దగ్గర నిలబడ్డారు. మేం కూర్చున్న వరసకు మాటలు స్పష్టంగా వినిపించాయి.

"మోకాలాండీ?"

"కుడిది."

"నాది ఎడమది. కాసేపు కూర్చోండి."

"కూర్చుంటే ఔటవుతానేమో."

"ఔట్ చెయ్యాల్సింది నేనే కదండీ. మీరు కూర్చోండి." ఆవిడ సంచిలోంచి సీసా తీసి మంచినీళ్లిచ్చారు. "మీకేమిస్తామన్నారు?"

"మేనేజరు పోస్టు. మీకు?"

"మా సొంతూరికి బదిలీ," అన్నారావిడ.

ఆయన నీళ్లు తాగి, లేచి, మిగిలిన దూరం నడిచి, బయల్దేరిన చోటికి వచ్చారు. ఒక పరుగు. ఉన్న ఒక్క మంచి బంతీ గోడ అవతల ఉంది కాబట్టి పోటీ అంతటితో ముగిసినట్టు జిల్లా అధికారి ప్రకటించారు. కంచరపేట గెలిచింది.

మా వారు జట్టు చొక్కా విప్పి, తెల్ల చొక్కా సర్దుకుని వేదిక పక్కన నిలబడ్డారు. కమిషనరు గారు మైకు అందుకున్నారు.

"సభాముఖంగా ఒక చారిత్రక సత్యాన్ని మనవి చేస్తున్నాను. తొమ్మిది మంది చేయవలసిన పనిని ఒక్కరే చేయగలరని మన మార్కండేయులు గారు నేడు నిస్సందేహంగా నిరూపించారు. ఈ స్ఫూర్తిని పరిపాలనకు కూడా వర్తింపజేయవలసిన సమయం ఆసన్నమైంది. ఆ దృష్ట్యా, ఖాళీగా ఉన్న మేనేజరు పోస్టును భర్తీ చేయవలసిన ఆవశ్యకత లేదని నిర్ణయించడమైనది. మార్కండేయులు గారు తమ ప్రస్తుత హోదాలో, ప్రస్తుత వేతనంపైనే మేనేజరు పోస్టుకు పూర్తి అదనపు బాధ్యతలు వహిస్తారు!"

చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు.

"అమ్మా, నాన్నకి ప్రమోషన్ వచ్చినట్టా, రానట్టా?" అంది హిమజ.

"పని వచ్చింది. ప్రమోషన్ రాలేదు," అన్నాను.

మైకు దగ్గర మా వారి గొంతు వినిపించింది. "చిత్తం సార్."

ఇంటికొచ్చి శాలువా మడతపెట్టి బీరువా మీద పెట్టారు. ఆ రోజూ మరునాడూ అత్తగారు నూనె గిన్నె పట్టుకుని పిలిస్తే, "వద్దులేమ్మా," అన్నారు. ఆయన కొట్టిన బంతి గురించి హిమజ ఎత్తితే మాత్రం కొంచెం తలెత్తి, "గోడ దాటింది కదూ?" అన్నారు.

సోమవారం కమిషనరు గారు షీల్డు అందుకోవడానికి రాజధానికి వెళ్లారు. మా వారు ఆఫీసుకు ఎప్పటికంటే ముందే వెళ్లారు. మధ్యాహ్నం భోజనానికి ఎప్పటికంటే ముందే వచ్చారు. కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, ముద్దపప్పూ వంకాయ కూరా తిన్నారు. చారు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒక నిర్ణయం చెప్పాలి," అన్నారు.

"చెప్పరా," అన్నారు అత్తగారు.

"మేనేజరు బాధ్యత నాకొద్దని రాసిచ్చేశాను. బేస్‌బాల్ తొమ్మిదీ కూడా వద్దన్నాను."

హిమజ ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. అత్తగారు ముందుకు వంగారు. "ఎవరికి రాసిచ్చావురా?"

"మేనేజరుకి."

"మేనేజరెవరు?"

"నేనే. పొద్దున్నే అద్దాల గదిలో కూర్చుని బాధ్యతలు స్వీకరించాను."

"వద్దనేవాడివి స్వీకరించడమెందుకూ?"

"స్వీకరించకపోతే మేనేజరు పోస్టు ఖాళీగా ఉంటుందమ్మా. అప్పుడు నా దరఖాస్తు ఎవరు ముందుకు పంపుతారు? అందుకని తీసుకున్నాను. 'పరిశీలించి ఆమోదించవచ్చును' అని రాసి కమిషనరు గారికి పంపాను."

"ఆయన ఊళ్లో లేరుగా?" అన్నాను.

"ఆయన ఊళ్లో లేనప్పుడు ఆయన తరఫున సంతకం చేసేది మేనేజరే." ఆయన చారు పోయమన్నట్టు చెయ్యి తీశారు. "ఊరికే ఆమోదించాననుకునేరు. ఒకసారి వెనక్కి పంపాను. తేదీ వెయ్యలేదు."

హిమజ పడీ పడీ నవ్వింది. నేను చారు పోస్తూ, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "మరి ప్రమోషనో?"

"నా ఫైల్లో నేనే రాసుకున్నాను. అయిష్టత వ్యక్తం చేసినారు అని." చారన్నం కలుపుతూ అన్నారు. "చేతిరాత బాగా వచ్చింది."

కంచరపేట బేస్‌బాల్ జట్టు ఆ విధంగా భోజనానికి ముందే అంతరించింది. అత్తగారు కొడుకు మొహంలోకి కాసేపు చూశారు.

"అయితే ఇప్పుడు ఆఫీసులో నీకేం మిగిలాయిరా?"

"జననాలు, మరణాలు."

"చాలవూ?" అన్నారావిడ. "ఏమే అమ్మాయ్, వాడికి పెరుగు వెయ్యి."